టూర్ ఆఫర్ వచ్చింది, ఉద్యోగం మానేసి వెళ్లొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వయసు 24, గిటార్ వాయిస్తారు, నెల జీతం వచ్చే ఉద్యోగం ఉంది. ఒక బ్యాండ్ వాళ్లు నాలుగు నెలల టూర్‌కి రమ్మన్నారు. ప్రోగ్రాంకి ఇంత అని చెప్పారు, ప్రోగ్రాం లేని రోజుల సంగతి ఎత్తలేదు. ఉద్యోగం మానేసి వెళ్లొచ్చా, వెళ్తే మొదటి రెండేళ్లు ఎలా నెట్టుకురావాలి?

వెళ్లండి. కానీ ఈ వారమే రాజీనామా ఇవ్వకండి. ముందు జీతం లేని సెలవు అడిగి చూడండి. అది కుదరకపోతే, ఆర్నెల్ల ఖర్చు చేతిలో ఉంచుకుని, డబ్బు విషయాలన్నీ రాతలో తెప్పించుకుని, అప్పుడు మానేయండి. ఈ రెండూ లేకుండా బయల్దేరితే మూడో నెలకే మీ బుర్రలో పాటలు పోయి అప్పులు తిరుగుతుంటాయి.

నేను వయొలిన్ వాయిస్తాను. 26 ఏళ్లుగా ఇదే బతుకుతెరువు. మొదటి 11 ఏళ్లు వేరేవాళ్ల బృందాల్లో తిరిగాను, తర్వాత నుంచి ఐదుగురితో సొంత బృందం నడుపుతున్నాను. పేమెంట్ కోసం ఎదురుచూడటమూ తెలుసు, నలుగురికి పేమెంట్ సర్దడమూ తెలుసు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ప్రోగ్రాంకి ఎంత అని కాదు, రోజుకి ఎంత పడుతుందో లెక్క వేయండి. నాలుగు నెలలంటే 120 రోజులు. నేను చూసినంతలో చిన్న బ్యాండ్‌కి ఆ వ్యవధిలో 50 ప్రోగ్రాంలు దొరికితే చాలా మంచి సీజన్ అన్నట్టే. మిగతా 70 రోజులు ప్రయాణాలకీ, రిహార్సల్స్‌కీ, ఊరికే కూర్చోవడానికీ పోతాయి. ఆ 70 రోజులూ మీకు తిండి కావాలి, పడుకోవడానికి చోటు కావాలి, ఇంటి దగ్గర కట్టాల్సినవి ఆగవు. కాబట్టి మొత్తం రాబడిని 50తో కాదు, 120తో భాగించండి. అందులోంచి రోజు ఖర్చు తీసేయండి. మిగిలింది మీ అసలు సంపాదన. అది సున్నాకి దగ్గరగా ఉన్నా మొదటి టూర్‌కి పర్వాలేదంటాను. సున్నా కంటే కిందకి పోతే మాత్రం ఆ టూర్ ఖర్చు మీరు భరిస్తున్నారన్నమాట.

నా మొదటి టూర్‌లో 40 ప్రోగ్రాంలు ఖాయం అన్నారు. నేను 40తో హెచ్చించి నా డబ్బు లెక్కేసుకున్నాను. జరిగినవి 17. ఎవరూ మోసం చేయలేదు. కొన్ని చోట్ల టికెట్లు అమ్ముడుపోలేదు, కొన్ని వానకి రద్దయ్యాయి, రెండు చోట్ల మా కంటే తక్కువకి ఇంకో బృందం దొరికింది. కానీ నేను ఎవర్నీ ఏమీ అడగలేకపోయాను. ఎందుకంటే ‘రద్దయితే ఏమిటి’ అన్న మాట బయల్దేరే ముందు నేను ఎత్తనే లేదు. చివరికి నా రెండో వయొలిన్ అమ్మేశాను. మా గురువుగారు నాకిచ్చిన వాద్యం అది. కొన్నవాడు మంచివాడే, జాగ్రత్తగా చూసుకుంటానన్నాడు. ఆ పెట్టె మూసి అతని చేతికిచ్చిన క్షణం ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు మరుపు రాదు.

డబ్బు విషయంలో ఇంకో మాట. ‘మీకు మంచి పబ్లిసిటీ వస్తుంది’, ‘పెద్దవాళ్లు చూస్తారు’ అనే మాటలు మీకు చాలా వినిపిస్తాయి. ఇది ఇప్పటి జబ్బు కాదు. 1777 నవంబరులో ఆస్ట్రియా స్వరకర్త మోజార్ట్ జర్మనీలోని మాన్‌హైమ్ రాజాస్థానంలో వాయిస్తే డబ్బు బదులు బంగారు గడియారం ఇచ్చారు. ప్రయాణంలో ఉన్నవాడికి కావలసింది డబ్బు, ఇప్పటికి నా దగ్గర ఐదు గడియారాలు చేరాయి అని ఆయన తండ్రికి ఉత్తరం రాశాడు. మోజార్ట్ అంతటివాడికే డబ్బు దగ్గర ఇబ్బంది తప్పలేదు. ఉచితంగా ఎప్పుడూ వాయించొద్దని నేను అనను. ఒక మంచి పని కోసమో, మీరు నిజంగా ప్రేమించే మనిషి కోసమో వాయించండి. కానీ అది మీ నిర్ణయం కావాలి, మొహమాటం కాకూడదు.

రాతలో తెప్పించుకోవడం అనగానే లాయరు, స్టాంపు కాగితం అని భయపడకండి. మాట్లాడిన రోజు రాత్రే మీరే ఒక మెసేజ్ రాసి పంపండి: ‘ఈ రోజు అనుకున్నవి ఇవీ, సరిగ్గా ఉంటే సరే అని పెట్టండి’ అని. అందులో కనీసం ఇవి ఉండాలి: ఎన్ని ప్రోగ్రాంలకి తగ్గకుండా డబ్బు ఇస్తారు, రద్దయితే ఎంత, ఖాళీ రోజుల భత్యం ఎంత, ప్రయాణం ఎవరిది, గదిలో ఎంతమంది, పేమెంట్ ఏ రోజున, మధ్యలో వచ్చేయాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. రికార్డింగ్ చేస్తే దాన్ని ఎక్కడ వాడతారో కూడా అడగండి, చాలామంది ఇది మర్చిపోతారు. మంచి లీడర్ అయితే ఈ మెసేజ్ చూసి సంతోషిస్తాడు. నా బృందంలోకి వచ్చే పిల్లలు ఇలా అడిగితే వాళ్ల మీద నాకు గౌరవం పెరుగుతుంది, స్టేజీ మీద కూడా అంతే జాగ్రత్తగా ఉంటారని అర్థమవుతుంది.

ఒప్పందంలో చిన్న మాటలు కూడా ఎందుకు ముఖ్యమో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1982 టూర్‌లో అమెరికా రాక్ బ్యాండ్ వ్యాన్ హేలెన్ తమ ఒప్పందంలో ఒక షరతు పెట్టింది: తెర వెనుక పెట్టే ఎం అండ్ ఎం మిఠాయిల్లో గోధుమ రంగువి ఒక్కటి కూడా ఉండకూడదు. వినడానికి పొగరులా ఉంటుంది. ఆ షరతు ఎందుకో గాయకుడు డేవిడ్ లీ రాత్ తర్వాత వివరించాడు. వాళ్ల స్టేజీ సామాను చాలా బరువు, కరెంటు లోడు ఎక్కువ, ఆ జాగ్రత్తలన్నీ అదే ఒప్పందంలో ఉన్నాయి. గోధుమ రంగు మిఠాయి కనబడిందంటే నిర్వాహకుడు కాగితం పూర్తిగా చదవలేదన్నమాట, వెంటనే స్టేజీ అంతా మళ్లీ తనిఖీ చేయించేవారట. మనం మిఠాయిల షరతు పెట్టనక్కర్లేదు. కానీ స్టేజీ మీద ఎవరెక్కడ నిలబడతారు, ఎన్ని మైకులు, ఎన్ని ప్లగ్ పాయింట్లు అని ఒక పేజీ ముందే పంపండి. వెళ్లాక మొదట అదే చూడండి. ఆ పేజీ వాళ్లు తెరవలేదని తెలిస్తే పేమెంట్ విషయంలో కూడా జాగ్రత్తపడాలి.

మేము ఒకసారి జాగ్రత్తపడలేదు. ఒక ప్రైవేటు కార్యక్రమానికి ఏడుగురం వెళ్లాం. సౌండ్ చెక్ (వాయించే ముందు మైకులు, స్పీకర్లు సరిచూసుకోవడం) లేదు, మా వాయింపు మాకు వినిపించే మానిటర్ స్పీకర్ ఒక్కటే, అదీ పాడైంది. అయినా రెండున్నర గంటలు వాయించాం, జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. సామాను సర్దుకుని చూసేసరికి నిర్వాహకుడు లేడు, ఫోన్ స్విచ్ఛాఫ్. వాహనంలో డీజిల్ తిరుగు ప్రయాణానికి సరిపోదు. ఆ రాత్రి వాహనంలోనే పడుకున్నాం. మా లీడర్ తెల్లారాక ఎవరి దగ్గరో అప్పు తెచ్చి డీజిల్ పోయించారు. ఆ తర్వాత రెండేళ్లలో కొంచెం కొంచెంగా మా ఏడుగురి పేమెంట్ తన జేబులోంచే ఇచ్చేశారు. నేను సొంత బృందం పెట్టినప్పుడు ఆయన్నే తలుచుకున్నాను. నా నియమం అప్పటి నుంచీ ఒకటే: సగం బుకింగ్ రోజున, మిగతా సగం సౌండ్ చెక్ అయ్యేలోపు. అమెరికా రాక్ గిటారిస్టు చక్ బెర్రీ ఇంకా కచ్చితంగా ఉండేవాడు. గిటార్ ఒక్కటే పట్టుకుని వెళ్లి, అక్కడి వాద్యకారులతోనే వాయించి, నగదు చేతికి వచ్చాకే స్టేజీ ఎక్కేవాడు. అయితే పన్ను లెక్కల్లో తప్పి 1979లో నాలుగు నెలల జైలు శిక్ష కూడా పడింది. కాబట్టి డబ్బు ముందే తీసుకోండి, తీసుకున్న ప్రతిదీ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

టూర్ రూట్ చూడకుండా ఒప్పుకోకండి. కొత్తవాళ్లు ఎన్ని ప్రోగ్రాంలు అని అడుగుతారు కానీ ఏ రోజు ఎక్కడి నుంచి ఎక్కడికి అని అడగరు. 1959లో అమెరికా రాక్ గాయకుడు బడ్డీ హాలీ వెళ్లిన వింటర్ డ్యాన్స్ పార్టీ టూర్ గురించి ప్రతి కొత్త వాద్యకారుడూ తెలుసుకోవాలి. అమెరికా మధ్య పడమటి ప్రాంతం, జనవరి చలి. రోజూ ఒక ఊరు, మధ్యలో విశ్రాంతి లేదు. ఊళ్లు వరసలో లేవు, ముందుకీ వెనక్కీ వందల కిలోమీటర్లు తిప్పారు. బస్సుల్లో హీటర్లు పాడయ్యాయి. డ్రమ్మర్ కార్ల్ బంచ్‌ పాదాలు గడ్డకట్టి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. ఇంకో రాత్రి ఆ బస్సులో గడపలేక, ముందే చేరుకుని కాస్త పడుకుని బట్టలు ఉతికించుకోవచ్చని హాలీ ఒక చిన్న విమానం మాట్లాడాడు. ఫిబ్రవరి 3 తెల్లవారకముందే అది కూలి, అందులో ఉన్న నలుగురూ చనిపోయారు. హాలీకి 22, అదే టూర్‌లోని గాయకులు రిచీ వాలెన్స్‌కి 17, జె.పి. రిచర్డ్‌సన్‌కి 28, పైలట్‌కి 21 ఏళ్లు. విమానం కూలడానికి కారణాలు వేరు. కానీ వాళ్లు ఆ విమానం ఎక్కడానికి కారణం ఆ రూట్ వేసిన తీరు.

నాకు ఈ విషయంలో భయం ఉంది, దాచుకోను. ఒకసారి ప్రోగ్రాం అయ్యాక అర్ధరాత్రి దాటి బయల్దేరాం. డ్రైవర్ కూడా మాతోపాటు పొద్దున్నుంచీ సామాను మోసినవాడే. నేను ముందు సీట్లో ఉన్నాను. తెల్లవారుజామున అతని తల వాలడం చూసి అరిచేలోపే బండి రోడ్డు దిగి మట్టిలోకి వెళ్లింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయిదారు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి స్పందన, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్పందన అంత మందగిస్తుందని ప్రయోగాల్లో తేలింది. పొద్దున ఏడింటికి లేచి, సాయంత్రం వాయించి, అర్ధరాత్రి స్టీరింగ్ పట్టుకుంటే సరిగ్గా ఆ 17 గంటలే. నా బృందంలో ప్రోగ్రాం తర్వాత రెండు గంటలకి మించిన ప్రయాణం ఉంటే అక్కడే పడుకుంటాం. గది ఖర్చు నాది. దీని వల్ల కొన్ని ప్రోగ్రాంలు వదులుకున్నాను, వదులుకుంటాను కూడా.

శరీరం గురించి. ముందు చెవులు, ఎందుకంటే అవి పోతే తిరిగి రావు. అమెరికాలో వృత్తి ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ సిఫారసు ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటల వరకే ఉండాలి. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగం అవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 100కి పావుగంట. డ్రమ్స్ పక్కన, స్పీకర్ల ముందు నిలబడితే 100 దాటడం మామూలే. నేను తొమ్మిదేళ్లు డ్రమ్మర్ కొట్టే సింబల్ అనే ఇత్తడి పళ్లేనికి కుడిపక్కన నిలబడ్డాను, నా ఎడమ చెవి అటువైపు. ఇప్పుడు ఆ చెవిలో సన్నటి ఈల రాత్రీ పగలూ మోగుతూనే ఉంటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పడుకోలేను, ఫ్యాన్ చప్పుడు ఉండాలి. సంగీతకారుల కోసం చేసే ఇయర్ ప్లగ్స్ ఉంటాయి, పాట రంగు మారకుండా మొత్తం శబ్దాన్ని తగ్గిస్తాయి. మామూలు స్పాంజి ప్లగ్స్‌తో పై స్వరాలు ఎక్కువగా మూసుకుపోతాయి, అందుకే చాలామంది విసుగొచ్చి తీసేస్తారు. మొదటి పేమెంట్‌తో కొనాల్సింది గిటార్ శబ్దం మార్చే కొత్త పెడల్ కాదు, ఈ ప్లగ్స్.

చేతులు: వాయించాక అలసట వేరు, నొప్పి వేరు. మర్నాడు పొద్దున కూడా నొప్పి ఉంటే సాధన తగ్గించాలి, పెంచకూడదు. పియానిస్టు లియాన్ ఫ్లైషర్‌కి ముప్పై ఆరేళ్ల వయసులో, 1964 ప్రాంతంలో, కుడిచేతి చివరి రెండు వేళ్లు ముడుచుకుపోవడం మొదలైంది. ఆయన ఇంకా ఎక్కువ సాధన చేశారు. మళ్లీ రెండు చేతులతో వాయించగలిగేసరికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. నొప్పి ఉందని లీడర్‌కి చెప్పడానికి సిగ్గుపడకండి.

వాద్యం సంగతి మీకు తెలిసే ఉంటుంది, ఎండలో ఆపిన వాహనంలో వదలకండి, వేడికి జిగురు వదులవుతుంది. రెండు సెట్ల తీగలు, రెండు కేబుళ్లు, పెడల్ బ్యాటరీలు, వీలైతే సొంత డీఐ బాక్స్ (గిటార్‌ని సౌండ్ మిక్సర్‌కి కలిపే చిన్న పెట్టె). అంతే.

ఇక అసలు కష్టం. స్టేజీ మీద ఉండేది రెండు గంటలు. మిగతా సమయమంతా ఎదురుచూపే. బండి కోసం, గది తాళం కోసం, సౌండ్ అతని కోసం. ఆ ఎదురుచూపుల్లో మనుషులు చిన్న చిన్న వాటికి పోట్లాడుకుంటారు. కిటికీ సీటు, గురక, ఎవరు ముందు స్నానం చేయాలి. మొదటి నెలలో ఇవన్నీ సరదాగా ఉంటాయి. రెండో నెల నుంచి బరువెక్కుతాయి. రోజుకి ఒక గంట ఎవరితోనూ లేకుండా నడవండి. నేను ఆ గంటలోనే కొత్త పాటలు నేర్చుకున్నాను. ప్రోగ్రాం తర్వాత తాగుడు అలవాటు చాలా మెల్లగా, స్నేహంలాగే వస్తుంది. నాతో మొదలుపెట్టిన ఇద్దరు మంచి వాద్యకారులు దానికే పోయారు.

ప్రోగ్రాం అయిన గంట తర్వాత ఒక ఖాళీ వస్తుంది. అంతసేపు వందల మంది కళ్లు మీ మీద, తర్వాత తెలియని గది, ట్యూబ్ లైటు. ఆ సమయంలో నేను ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి, అంతా బాగుందని చెప్పేవాణ్ణి. 17 ప్రోగ్రాంల టూర్‌లో కూడా అదే చెప్పాను. తిరిగొచ్చాక మా అన్నయ్య గుమ్మంలోనే నా చేతిలో ఒక్క పెట్టె చూసి ‘రెండోది ఏదిరా’ అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. వాడూ మళ్లీ అడగలేదు, నా బ్యాగు అందుకుని లోపలికి నడిచాడు. ముందే చెప్పి ఉంటే ఆ వయొలిన్ అమ్మనిచ్చేవాడు కాదు. అందుకే అంటున్నాను, ఇంట్లో ఒక్క మనిషికైనా నిజమైన లెక్కలు చెబుతూ ఉండండి. అందరికీ అక్కర్లేదు, ఒక్కరు చాలు.

మొదటి రెండేళ్లు ఎలా అన్నారు. ఒక్క బ్యాండ్ మీద ఆధారపడకండి. ఇద్దరు ముగ్గురు శిష్యుల్ని ఉంచుకోండి, ఖాళీ రోజుల్లో వీడియో కాల్‌లో పాఠం చెప్పొచ్చు. రికార్డింగ్ పని దొరికితే వదలకండి. వేరే పని చేయాల్సి వస్తే చేయండి, అందులో తలవంపు ఏమీ లేదు. అమెరికా స్వరకర్త ఫిలిప్ గ్లాస్ ప్లంబింగ్ పని చేశారు, టాక్సీ నడిపారు. 1976లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా హౌస్‌లో ఆయన ఒపెరా (సంగీత నాటకం) ప్రదర్శించాక కూడా కొంతకాలం టాక్సీ నడుపుతూనే ఉన్నారు.

ఇంత కష్టం ఉంటే వెళ్లమని ఎందుకు అంటున్నానంటే, రోడ్డు మీద దొరికే చదువు గదిలో దొరకదు. ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ 1960 ఆగస్టులో జర్మనీలోని హాంబుర్గ్ వెళ్లినప్పుడు ఒక సినిమా హాలు వెనుక, మరుగుదొడ్ల పక్కనున్న కొట్టుగదిలో పడుకునేవారు. రాత్రికి నాలుగైదు గంటలకు పైగా వాయించాలి. ఆ నవంబరులో వాళ్ల గిటారిస్టు జార్జ్ హారిసన్‌ని, ఇంకా 17 ఏళ్లే కాబట్టి, దేశం నుంచి పంపించేశారు. అయినా 1962 చివరి దాకా మళ్లీ మళ్లీ వెళ్లారు. అన్ని గంటలు వాయించాలంటే వచ్చిన పాటలు సరిపోవు, ఉన్నవాటినే సాగదీయాలి, కొత్తవి నేర్చుకోవాలి, వినని జనాన్ని వినేలా చేయాలి. నా 17 ప్రోగ్రాంల టూర్‌లోనూ అదే జరిగింది. అంతకుముందు నేను గాయని పాడుతున్నంతసేపూ ఏదో ఒకటి వాయిస్తూనే ఉండేవాణ్ణి. పన్నెండో పదమూడో ప్రోగ్రాంలో ఆమె ఊపిరి తీసుకునే చోటు నాకు ముందే తెలిసిపోయి, విల్లు దానంతట అదే ఆగింది. ఆమె తల తిప్పి నా వైపు చూసింది. ఇంట్లో పదేళ్లు సాధన చేసినా నాకు అది వచ్చేది కాదు.

చివరగా, సరే అనే ముందు ఒక్క పని చేయండి. మీకంటే ముందు ఆ బ్యాండ్‌లో గిటార్ వాయించిన మనిషి నంబరు లీడర్‌ని అడగండి. అతనికి ఫోన్ చేసి రెండే ప్రశ్నలు వేయండి: చివరి పేమెంట్ అందిందా, రాత్రిపూట బండి ఎవరు నడుపుతారు? లీడర్ నంబరు ఇవ్వడానికి వెనకాడితే ఈ టూర్ వదిలేసి ఇంకో బ్యాండ్ కోసం చూడండి. 24 ఏళ్లకి ఇదే ఆఖరి పిలుపు కాదు.